బడి ముందు రోడ్డు దాటించేవారికి జీతం ఎవరివ్వాలి?

చెన్నైలో బడి వేళకు పిల్లలను రోడ్డు దాటించే పని ఈనాటికీ ఏ ఒక్కరి ఉద్యోగమూ కాదు. ఫీజులు బాగా వచ్చే ప్రైవేటు బడి ముందు యూనిఫారం వేసుకున్న సెక్యూరిటీ గార్డు ఈల ఊదుతూ కనిపిస్తాడు. పెద్ద కూడలి అయితే ట్రాఫిక్ పోలీసో హోంగార్డో ఉంటారు. కార్పొరేషన్ బడి ముందు మాత్రం తరచుగా ఒక టీచరమ్మో, మనవరాలిని దింపడానికి వచ్చిన తాతగారో చెయ్యి అడ్డం పెట్టి బండ్లను ఆపవలసి వస్తోంది. తరతరాలుగా జార్జ్ టౌన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాల పిల్లలు సరుకు దించే బండ్ల మధ్య నుంచి బడికి నడిచి వెళ్లేవారే గనుక ఇది మన ఇళ్లకు దగ్గరి విషయమే.

జీతం సంగతి తేలాలంటే ముందు అధికారం సంగతి తేలాలి. 1988 మోటారు వాహనాల చట్టం 119వ సెక్షన్ ప్రకారం ట్రాఫిక్‌ను నియంత్రిస్తున్న పోలీసు అధికారి ఆదేశాన్ని వాహనదారు పాటించి తీరాలి. బడి యాజమాన్యం పెట్టుకున్న వాచ్‌మన్‌ మాటకు ఆ బలం లేదు. గేటు దగ్గర కాసేపు నిలబడితే దాని ఫలితం కళ్లకు కడుతుంది: గార్డు రోడ్డు మధ్యకు వచ్చి చెయ్యెత్తగానే కార్లూ బస్సులూ ఆగుతాయి గానీ, మోటారు సైకిళ్లు ఆయన వెనుకగా, పిల్లల వరుస చివర మిగిలిన సందులోంచి దూరిపోతాయి. ఆగనివారిని ఏమీ చేయలేని మనిషికి ఎవరు జీతమిచ్చినా పిల్లలకు దక్కేది సగం రక్షణే.

బ్రిటన్ ఈ చిక్కును 1953లో ప్రత్యేక చట్టం చేసి విప్పింది. స్థానిక కౌన్సిళ్లు, లండన్‌లో మెట్రోపాలిటన్ పోలీసులు, ఈ పనికి మనుషులను నియమించుకునే వీలు కల్పించి, వారు చూపే గుర్తుకు వాహనం ఆగి తీరాలని శాసించింది. అయితే నియామకాన్ని కౌన్సిళ్ల ఇష్టానికి వదిలేసింది. అందువల్లనే 2010 తర్వాత నిధులు తగ్గినప్పుడు చాలా కౌన్సిళ్లు ఈ పోస్టులకు కోత పెట్టాయి, కొన్నిచోట్ల ఆ ఖర్చు మీరే భరించండని బడులను అడిగాయి. అమెరికాలోని సెయింట్ పాల్ నగరంలో 1921లో ఈ పని విద్యార్థి దళాలతో మొదలైంది. తరువాతి కాలంలో అక్కడి ఫ్లోరిడా రాష్ట్రం, పార్కింగ్ జరిమానాల మీద అదనపు రుసుము విధించి ఆ సొమ్మును క్రాసింగ్ గార్డులకే వాడుకోవడానికి స్థానిక సంస్థలకు చట్టపరంగా అనుమతినిచ్చింది. రోడ్డు మీద ప్రమాదం తెచ్చేవారి నుంచే రక్షణ ఖర్చు రాబట్టే ఈ పద్ధతి మనకు బాగా నప్పుతుందని నా అభిప్రాయం.

చెన్నైలో ఈ పని మొదటి నుంచీ సేవాభావం మీదే నడుస్తోంది. బడుల్లో రోడ్డు భద్రతా దళం, అంటే ఆర్‌ఎస్‌పీ విద్యార్థులు, జీతం తీసుకోని ట్రాఫిక్ వార్డెన్లు పోలీసులకు చేదోడుగా ఉంటున్నారు. హోంగార్డు వ్యవస్థ కూడా 1946లో బొంబాయిలో స్వచ్ఛంద సేవగానే పుట్టింది. హోంగార్డుల రోజు భత్యం పోలీసు సిబ్బంది కనీస వేతనానికి తగ్గరాదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది, అది న్యాయమే. కానీ ప్రతి బడి ముందూ ఒక హోంగార్డును నిలబెట్టడం పోలీసు శాఖకు చిన్న ఖర్చేమీ కాదు.

బస్సెక్కే పిల్లల విషయంలో మాత్రం ప్రభుత్వం ఇంత తటపటాయించలేదు. 1997 నవంబరులో ఢిల్లీ వజీరాబాద్ దగ్గర స్కూలు బస్సు యమునలో పడి 28 మంది పిల్లలు చనిపోయినప్పుడు సుప్రీంకోర్టు వెంటనే ఆదేశాలిచ్చింది. 2012 జులైలో చెన్నై శివారున రెండో తరగతి పాప బస్సు అడుగున ఉన్న రంధ్రంలోంచి జారిపడి మరణించినప్పుడు మద్రాసు హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది, ఆ ఏడాదే తమిళనాడు ప్రభుత్వం స్కూలు బస్సులకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. బస్సులో పిల్లలను చూసుకునే సహాయకుల జీతం బడి లెక్కలో పడింది, చివరకు ఆ భారం బస్సు ఫీజు రూపంలో తల్లిదండ్రులకు చేరింది. అదే బడికి నడిచి వచ్చే పిల్లవాడి కోసం అలాంటి నిబంధన ఏదీ రాలేదు. ఎందుకంటే బస్సుకు ఒక యజమాని ఉన్నాడు, రోడ్డు దాటడానికి లేడు.

ఆ లోటు రాజ్యాంగంలోని పని విభజనలోనే ఉంది. పోలీసు రాష్ట్ర జాబితాలోని అంశం, విద్య 1976 నుంచి ఉమ్మడి జాబితాలో ఉంది, 74వ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలు రోడ్లను నగరపాలక సంస్థల పరిధిలో చేర్చింది. చెన్నైలో అన్నా సాలై వంటి ప్రధాన రహదారులు రాష్ట్ర హైవేస్ శాఖవి, లోపలి వీధులు కార్పొరేషన్‌వి. ఇక ఖర్చు బడులే పెట్టుకోవాలంటే ప్రైవేటు బడి దాన్ని తమిళనాడు 2009లో చేసిన బడి ఫీజుల నియంత్రణ చట్టం కింద ఏర్పడిన ఫీజు నిర్ణయ కమిటీ ముందు చూపించుకోగలదు. ఉచిత విద్య అందించే కార్పొరేషన్ బడి ఎవరి దగ్గర వసూలు చేస్తుంది? ఈ భారాన్ని బడుల మీద వేయడమంటే పేద పిల్లలకు గార్డు ఉండడని ముందే ఒప్పుకోవడం.

నిజానికి డబ్బుకు దారి ఉంది. కోయంబత్తూరు ఎముకల వైద్యుడు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ 2012లో వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2017 నవంబరులో తీర్పునిస్తూ, ప్రతి రాష్ట్రంలోనూ రోడ్డు భద్రతా నిధి ఉండాలనీ, ట్రాఫిక్ జరిమానాల్లో కొంత శాతం అందులో జమ కావాలనీ ఆదేశించింది. 2022 అక్టోబరులో తమిళనాడులో జరిమానాలు భారీగా పెరిగాయి, హెల్మెట్ లేకపోతే కట్టవలసినది 100 రూపాయల నుంచి 1,000 అయింది. చెన్నై కార్పొరేషన్ కూడా 2014లో ఆమోదించిన మోటారేతర రవాణా విధానంలో తన రవాణా బడ్జెట్‌లో 60 శాతం నడిచేవారికీ సైకిలు తొక్కేవారికీ కేటాయించాలని రాసుకుంది. కాకపోతే ఆ సొమ్ము కాలిబాటల నిర్మాణానికి వెళుతుంది, మనిషి జీతానికి కాదు. అందుచేత జరిమానాల నిధి నుంచి జీతం, కార్పొరేషన్ చేతుల మీదుగా నియామకం, పోలీసు శాఖ నుంచి శిక్షణ, అధికారం అనే ఏర్పాటు సబబని నేను నమ్ముతున్నాను.

అదే పిటిషన్‌పై 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు, పాదచారుల రాకపోకలకు సంబంధించి మోటారు వాహనాల చట్టం 138(1ఎ) సెక్షన్ కింద ఆరు నెలల్లో నిబంధనలు రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది. తమిళనాడు తన నిబంధనల్లో బడి ముందు గార్డు చెయ్యెత్తితే వాహనం ఆగాలనీ, వారి జీతం రోడ్డు భద్రతా నిధి నుంచే రావాలనీ, ఆ నియామకం కార్పొరేషన్‌కు తప్పనిసరి బాధ్యత అనీ స్పష్టంగా రాయాలి. ఈ మూడింటిలో ఏది విడిచిపెట్టినా నడిచి వచ్చే పిల్లల భారం మళ్లీ ఆ టీచరమ్మ మీదే పడుతుంది.