మెయిలు పెట్టె పొంగిపోతే తప్పు సాఫ్ట్‌వేర్‌దేనా? అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో చిన్నచిన్న ఆఫీసులకి కంప్యూటర్లు, మెయిళ్ళు చూసిపెట్టడం నా పని. నా సొంత సరదాకి రెండు మెయిలింగ్ లిస్టులు చదువుతాను. మెయిలింగ్ లిస్టంటే ఒకరు రాసిన మెయిలు చేరినవాళ్ళందరికీ వెళ్ళే చర్చ. ఒకటి డెబియన్ అనే లినక్స్ రకం వాడుకరులది, ఇంకోటి లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌ని తయారుచేసేవాళ్ళది. రెండోదాంట్లో రోజుకి వందల్లో వస్తాయి. అందుకే కాబోలు, నన్ను చూడగానే అందరూ అడిగేది ఒకటే: "మంచి మెయిల్ సాఫ్ట్‌వేర్ ఏదో చెప్పండి."

అపోహ: మంచి ప్రోగ్రాం వేసుకుంటే మెయిళ్ళ గోల తీరుతుంది

తీరదు. 1995లో వచ్చిన మట్ అనే ప్రోగ్రాం నినాదమే "మెయిలు ప్రోగ్రాములన్నీ చెత్తవే, ఇది కాస్త తక్కువ చెత్త" అని. నేను మాత్రం అందరికీ థండర్‌బర్డే వేస్తాను. ఉచితం, తెలుగు చక్కగా చూపిస్తుంది. ఏది వేసుకున్నా మూడు చూసుకోండి: ఒక మెయిలుకి వచ్చిన జవాబులన్నిటినీ దాని కిందే థ్రెడ్‌గా పేర్చాలి, హెడర్ని (మెయిలు వెంట వచ్చే వివరాల వరస) బట్టి ఫిల్టర్ (మెయిళ్ళని వాటంతటవే ఫోల్డర్లలోకి సర్దే ఏర్పాటు) పెట్టనివ్వాలి, లిస్టుకి మాత్రమే జవాబిచ్చే బటన్ ఉండాలి. అందచందాలు తర్వాత.

అపోహ: ఒకే ఐడీ ఫోన్లోనూ కంప్యూటర్లోనూ పెడితే రెండుచోట్లా ఒకటే కనిపిస్తుంది

బొబ్బిలి వైపు ఒక రైస్ మిల్లు ఓనరు గారు పొద్దున్నే ఫోన్ చేశారు. "బాబూ, రాత్రి ఫోన్లో సూసిన మెయిళ్ళు తెల్లారేసరికి నేవు. ఏటైపోనాయి?" వెళ్ళి చూస్తే గుమాస్తా కంప్యూటర్లో ఖాతా పాప్ పద్ధతిలో ఉంది, సర్వర్లో కాపీ ఉంచమనే చోట టిక్కు లేదు. గుమాస్తా మిల్లు తెరిచి కంప్యూటర్ ఆన్ చేయగానే మెయిళ్ళన్నీ అందులోకి దిగిపోయి సర్వర్ ఖాళీ. రెండేళ్ళ కిందట అలా పెట్టింది ఎవరో కాదు, నేనే. అప్పట్లో ఆయన ఫోన్లో మెయిల్ చూసేవారు కాదు మరి.

పాప్ అంటే పోస్టాఫీసుకెళ్ళి ఉత్తరాలన్నీ సంచిలో వేసుకొచ్చేయడం. ఐమ్యాప్ అంటే ఉత్తరాలు అక్కడే ఉంటాయి, ఎక్కణ్ణుంచైనా చూసుకోవచ్చు. ఐమ్యాప్ ఖాతా పెట్టి, కంప్యూటర్లో ఉన్నవన్నీ ఆ ఫోల్డర్లోకి లాగితే ఫోన్లోకి తిరిగొచ్చాయి. అలాగని ఐమ్యాప్‌ని బ్యాకప్ అనుకోకండి. ఒకచోట డిలీట్ కొడితే అన్నిచోట్లా పోతుంది.

అపోహ: సబ్జెక్టులో లిస్టు పేరు చూసి ఫిల్టర్ పెడితే సరి

చాలా లిస్టులు సబ్జెక్టులో పేరు తగిలించవు. నమ్మదగ్గది లిస్ట్-ఐడీ అనే హెడర్. 2001లో ప్రమాణంగా వచ్చింది, లిస్టు సర్వరే దాన్ని చేరుస్తుంది. థండర్‌బర్డ్‌లో మెయిలు తెరిచి కంట్రోల్, యూ నొక్కితే కనబడుతుంది. ఫిల్టర్ పెట్టే చోట కస్టమైజ్‌లోకి వెళ్ళి ఆ హెడర్ పేరు ఇంగ్లీషులో, మధ్యలో చిన్న గీతతో (List-Id) కొట్టాలి. గీత మర్చిపోయి "ఫిల్టర్ పని చేయట్లేదండీ" అన్నవాళ్ళు నాకు బాగా తెలుసు. ఒక్కో లిస్టుకి ఒక్కో ఫోల్డర్. ఇన్‌బాక్సులో మనుషులు మనకి రాసినవే మిగలాలి.

అపోహ: లిస్టులో చేరాక అన్నీ చదవాలి

దసరా తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఇంటినిండా చుట్టాలు, ఆ నాలుగు రోజులూ నేను మెయిలు తెరవను. తర్వాత తెరిస్తే వేలల్లో ఉంటాయి. థ్రెడ్ల పేర్లు మాత్రం చూసుకుంటూ పోతాను. థండర్‌బర్డ్‌లో అక్కర్లేని దానిమీద కె నొక్కితే థ్రెడ్ మొత్తం కనుమరుగు, ఇకపై వచ్చే జవాబులతో సహా. ఎన్ నొక్కితే చదవని తర్వాతి మెయిలు. కాఫీ చల్లారేలోపు ఫోల్డర్ ఒక కొలిక్కి వస్తుంది. మొదట్లో ఏదో పోగొట్టుకుంటున్నట్టు ఉండేది. ముఖ్యమైన మాటైతే మళ్ళీ ఎవరో ఒకరు ఎత్తుతారు.

అపోహ: పాత మెయిలుకి రిప్లై కొట్టి సబ్జెక్టు మారిస్తే కొత్త చర్చ

మీరు మార్చింది పైకి కనబడే పేరు. ఇది ఏ మెయిలుకి జవాబో చెప్పే గుర్తు లోపలి హెడర్లలో అలాగే ఉంటుంది. నాలాంటివాడు ఆ పాత థ్రెడ్ మీద కె నొక్కేసి ఉంటే మీ ప్రశ్న నాకు కనబడదు. కొత్త మాటకి కొత్త మెయిలే.

అపోహ: రిప్లై ఆల్ మర్యాద

లిస్టుని బట్టి. డెబియన్ లిస్టుల్లో అడగనిదే రాసిన మనిషికి విడిగా కాపీ పంపకూడదు. కెర్నెల్ లిస్టులో అందర్నీ ఉంచాలి.

అపోహ: తెలుగులో రాయాలంటే హెచ్‌టీఎంఎల్ మెయిలే కావాలి

అక్కర్లేదు. హెచ్‌టీఎంఎల్ అంటే రంగులు, ఫాంట్లతో ముస్తాబైన మెయిలు. యూనికోడ్‌లో (ఫోన్లో మామూలుగా కొట్టే తెలుగు) కొడితే సాదా టెక్స్టులోనూ తెలుగు వెళ్తుంది. యూనికోడ్ కాని డీటీపీ (అచ్చుపని) ఫాంట్లలో కొట్టి అతికిస్తేనే అవతల పిచ్చిగీతలు. కెర్నెల్ లిస్టు ఐతే హెచ్‌టీఎంఎల్ మెయిలుని గుమ్మంలోంచే తిప్పి పంపుతుంది.

అపోహ: నేను పంపింది నాకు తిరిగి రాలేదు కాబట్టి లిస్టుకి చేరలేదు

జీమెయిల్‌లో ఉంటే మీరు రాసిన మెయిలు లిస్టు నుంచి తిరిగొచ్చినా ఇన్‌బాక్సులో మళ్ళీ చూపించదు, పంపినవాటిలో ఎలాగూ ఉంది కదా అని. లిస్టు ఆర్కైవులో (వచ్చిన మెయిళ్ళన్నీ దాచి ఉంచే వెబ్ పేజీ) చూసుకోండి. మా కుర్రాడొకడు చూసుకోకుండా ఒకే ప్రశ్న మూడుసార్లు పంపాడు. మూడూ చేరాయి.