తెగని తాడు

నల్లగొండ

బిడ్డలారా,

దసరా సెలవుల్లో మనం ‘రియర్ విండో’ సినిమా చూస్తుంటే చిన్నోడు నా చేయి పట్టుకుని, “కథంతా తెలుసు కదా తాతా, మరి నీ చేయి ఎందుకు వణుకుతోంది?” అని అడిగాడు. అప్పుడు జవాబు తోచలేదు.

నాకు పదేళ్లప్పుడు చింతచెట్టు మీద నుంచి పడి కాలు విరిగింది. పానగల్లులో మా గడప ముందు నులకమంచం మీద నెలన్నర ఉన్నాను. ఎదురుగా వాడకట్టుకంతా ఒకటే చేదబావి. పొద్దంతా అటే చూసేవాణ్ణి. ఒకరోజు గట్టు మీద చుట్టపెట్టిన చేంతాడు కనబడింది. ఒకచోట పురి విడిపోయి, సన్నటి పోగు మీద ఉంది. ఇంతలో ఎదురింటి చిన్నమ్మ వచ్చి బొక్కెన వదిలింది. బావిలోకి వంగి తోడుతోంది. “చిన్నమ్మా, తాడు!” అని అరిచాను. గిరక చప్పుడులో ఆమెకు వినబడలేదు. లేవలేను. ఆ పోగు పైకి వస్తోంది, గిరక దాటింది... ఆమె చేతికి తగిలాకే చూసుకుంది. తాడు తెగలేదు. అయినా ఇప్పుడు రాస్తుంటే నా గుండె దడదడమంటోంది.

హిచ్‌కాక్ 1954లో తీసిన ఈ సినిమాలో కథానాయకుడు జెఫ్‌దీ అదే గతి. కాలికి కట్టు, చక్రాల కుర్చీ, ఎదురుగా కిటికీలు. ఎదుటి వాటాలో ఉండేవాడు భార్యను చంపాడని అనుమానం. చంపడం మనకు ఎక్కడా చూపించరు. సాక్ష్యం కోసం జెఫ్ ప్రియురాలు లీసా ఆ ఇంట్లో దూరుతుంది. వాడు తిరిగొస్తాడు. జెఫ్‌కు తెలుసు, మనకు తెలుసు, ఆమెకు తెలియదు. అరిచినా వినబడదు. ఆ ఇళ్లన్నీ పారమౌంట్ స్టూడియోలో వేసిన సెట్టు, 31 వాటాలు. కెమెరా మాత్రం దాదాపు జెఫ్ గది దాటదు. మనల్నీ మంచానికి కట్టేశాడు హిచ్‌కాక్.

ఒకరి ఇంట్లోకి తొంగిచూడటం తప్పే. జెఫ్‌కు సేవచేసే నర్సు స్టెల్లా మొదట్లోనే మందలిస్తుంది. కానీ కుక్కపిల్ల చచ్చిపోయిన రాత్రి దాన్ని పెంచుకున్నావిడ, ఇరుగుపొరుగు అంటే ఇదేనా అని అందరినీ ఏడుస్తూ నిలదీస్తుంది చూడండి, అక్కడ నాకు మా వాడకట్టు గుర్తొస్తుంది. దారిన పోయే ప్రతివాళ్లూ నా మంచం దగ్గర ఆగి, “నొప్పి తగ్గిందా కొడుకా?” అని అడిగేవారు.

సంక్రాంతికి వచ్చినప్పుడు మళ్లీ చూద్దాం. ఆవిడ ఏడుపు విని అందరూ కిటికీల దగ్గరికి వస్తారు. మీరు వాళ్లను చూడకండి. ఒక్క కిటికీ చీకటిగా ఉంటుంది. అందులో ఎర్రగా ఏం వెలుగుతోందో చూడండి.

మీ తాత