చేప నోట్లో లిథియం

"మా బాబు స్కూల్లో వీఆర్ ల్యాబ్ పెట్టి ఫీజు పెంచారండీ. దాంతో జ్ఞాపకశక్తి నిజంగా పెరుగుతుందా?" అని కూకట్‌పల్లి నుంచి ఒకావిడ అడిగారు. వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ, కళ్లకు హెడ్‌సెట్ తగిలించుకుని కంప్యూటర్ గీసిన లోకంలోకి వెళ్లడం. ఫీజు సంగతి తర్వాత. ముందు హెడ్‌సెట్ అక్కర్లేని పద్ధతి చూడండి. మూలకాల పట్టికలో మొదటి ఆరూ వరుసగా గుర్తుండాలనుకోండి.

చార్మినార్ నుంచి నయాపుల్ దాకా మనసులోనే నడవండి. మీనార్‌కు కట్టిన పెద్ద బుడగ ఢామ్మని పేలి మంట లేచింది: హైడ్రోజన్. గుల్జార్ హౌజ్ దగ్గర ట్రాఫిక్ పోలీసు బుడగలో గాలి పీల్చి కీచుగొంతుతో ఆటోలను అదిలిస్తున్నాడు: హీలియం. మచిలీ కమాన్ మీద చేప, దాని నోట్లో ఉబ్బిన సెల్‌ఫోన్ బ్యాటరీ: లిథియం. పత్తర్‌గట్టీలో ముత్యాల సేఠ్ అరచేతిలో పచ్చ పెట్టాడు. పచ్చలో ఉండేది బెరీలియం. మదీనా చౌరస్తా నడిబొడ్డున క్యారమ్ బోర్డు, దాని నిండా బోరిక్ పౌడర్: బోరాన్. నయాపుల్ కింద మూసీలో నీళ్లు లేవు, అంతా బొగ్గే: కార్బన్. ఎంత విడ్డూరంగా ఉంటే అంత మంచిది. ఇప్పుడు వెనక్కి నడవండి, మూలకాలు తిరగేసి కూడా వచ్చేస్తాయి. బట్టీ పట్టినవాణ్ణి చివర్నుంచి చెప్పమనండి చూద్దాం! పుస్తకంలో నెమలీక దాచినా రాదు.

ఈ నడకకు ఆధారం మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగం. అక్కడి స్థాన కణాలను 1971లో జాన్ ఓకీఫ్ ఎలుకల్లో పట్టుకున్నాడు. ఒక్కో కణం నైట్ వాచ్‌మన్‌లా తన మూల రాగానే ఈల వేస్తుంది. 2005లో మోసర్ దంపతులు పక్కనే, ఎంటోరైనల్ కార్టెక్స్‌లో గ్రిడ్ కణాలు కనిపెట్టారు. నేలంతా సమబాహు త్రిభుజాలు పరిచినట్టు, వాటి శీర్షాల దగ్గరే ఇవి స్పందిస్తాయి. 2014 నోబెల్ ఈ ముగ్గురిదే. కొత్త జ్ఞాపకాలను కట్టేదీ హిప్పోక్యాంపసే కాబట్టి, దారికి తగిలించిన సంగతి అంత తేలిగ్గా జారిపోదు.

ఇక వీఆర్. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో అమితాబ్ వర్ష్నే బృందం 40 మందికి కాల్పనిక భవనంలో ప్రముఖుల ముఖాలు చూపించింది. మామూలు తెర మీద కంటే హెడ్‌సెట్‌లో గుర్తుంచుకోవడం 8.8 శాతం మెరుగైంది. తల తిప్పితే దృశ్యమూ తిరగడమే కిటుకు. కానీ లాస్ ఏంజెలెస్‌లో మయాంక్ మెహతా ప్రయోగశాల ఎలుకలను వీఆర్‌లో పరుగెత్తిస్తే, నిజమైన గదితో పోలిస్తే స్థాన కణాల్లో సగానికి పైగా మూగబోయాయి. కళ్లకు దారి కనిపిస్తున్నా, లోచెవికి కదలిక అందలేదు, ముక్కుకు వాసన తగల్లేదు.

కాబట్టి అమ్మా, ఆ ల్యాబ్‌లో పిల్లలు కూర్చుని చూస్తున్నారా, లేచి తిరుగుతున్నారా అడగండి. గుండె గదుల్లోకో, ఉప్పు స్ఫటికంలోకో కాళ్లతో వెళ్లలేం కనుక, అక్కడికి తీసుకెళ్తే హెడ్‌సెట్ డబ్బు దండగ కాదు. మూలకాల పట్టికకైతే స్కూలు బస్సు స్టాపులు సరిపోతాయి.