స్టాటిన్ మాత్రలు, ఒళ్లు నొప్పులు

కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు మొదలుపెట్టిన కొన్ని వారాలకు తొడలు, పిక్కలు, భుజాలు లాగుతున్నాయని, డాక్టరుకు చెప్పకుండానే మందు మానేసేవారు ఎంతోమంది. ఆ నొప్పిని ఎవరూ కొట్టిపారేయకూడదు. అయితే నొప్పి ఉండటం వేరు, దానికి కారణం ఆ మందే కావడం వేరు. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే గుండెపోటు, పక్షవాతం ముప్పును తగ్గించే మందు అనవసరంగా దూరమవుతుంది.

బ్రిటన్ పరిశోధకులు 2020లో ప్రకటించిన సామ్సన్ అధ్యయనం ఈ తేడాను స్పష్టంగా చూపింది. దుష్ప్రభావాల వల్ల స్టాటిన్లు మానేసిన 60 మందికి ఏడాదిలో నాలుగు నెలలు అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్, నాలుగు నెలలు చూడటానికి అలాగే ఉండే మందు లేని మాత్ర ఇచ్చి, మరో నాలుగు నెలలు ఏ మాత్రా ఇవ్వకుండా గమనించారు. ఏ సీసాలో ఏముందో తెలియకుండానే వారు ప్రతిరోజూ తమ బాధకు ఫోనులో 0 నుంచి 100 లోపు అంకె వేశారు. మాత్ర లేని నెలల్లో సగటు 8 ఉండగా, స్టాటిన్ నెలల్లో అది 16.3కు, మందు లేని మాత్ర నెలల్లో 15.4కు చేరింది. బాధ పెరిగిన మాట నిజం. కానీ అందులో అధికభాగం మాత్ర మింగుతున్నామన్న ఎరుక తెచ్చిపెట్టినదే.

అలాగని స్టాటిన్లు కండరాలకు హాని చేయనే చేయవని కాదు. చాలా అరుదుగా కండర కణాలు చితికి, వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఇలా సంభవించిన మరణాల వల్లనే 2001లో సెరివాస్టాటిన్ అనే స్టాటిన్‌ను మార్కెట్ నుంచి ఉపసంహరించారు. ఆ బాధితుల్లో పలువురు రక్తంలో కొవ్వును తగ్గించే మరో మందు జెమ్‌ఫైబ్రోజిల్ కూడా వాడుతున్నవారే. తోడుగా వాడే మందు అంత ముఖ్యం. సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ వాడేవారికి క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్ ఇస్తే, శరీరం స్టాటిన్‌ను త్వరగా విడగొట్టలేక రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. వయసు పైబడినవారిలో, మూత్రపిండాల జబ్బు లేదా చికిత్స అందని హైపోథైరాయిడిజం (థైరాయిడ్ హార్మోన్ లోపం) ఉన్నవారిలో ముప్పు ఇంకాస్త ఎక్కువ. తీవ్రమైన కండరాల నొప్పి, నీరసంతో పాటు మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కాలేయ ఎంజైములు కొందరిలో కొద్దిగా పెరుగుతాయి. కాలేయం తీవ్రంగా దెబ్బతినడం మాత్రం బహు అరుదు. రక్తంలో చక్కెర కూడా స్వల్పంగా పెరగవచ్చు కాబట్టి, ముందే మధుమేహం అంచున ఉన్నవారిలో కొందరికి ఆ జబ్బు కాస్త తొందరగా బయటపడుతుంది.

నొప్పి మామూలుదైతే డాక్టరు సాధారణంగా కండరాలు దెబ్బతిన్నాయేమో చూపే క్రియాటిన్ కైనేజ్ పరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించి, కొన్ని వారాలు మాత్ర ఆపి చూసి, తరువాత తక్కువ మోతాదులో గానీ, మరో స్టాటిన్ రూపంలో గానీ తిరిగి మొదలుపెడతారు. అదీ పడకపోతే కొలెస్టరాల్ తగ్గించే, స్టాటిన్ కాని మందు ఎజెటిమైబ్ ఉంది. అలాంటిదే బెంపిడోయిక్ యాసిడ్ కూడా ఉంది. దాన్ని క్రియాశీలం చేసే ఎంజైము కాలేయంలో ఉంటుంది గానీ కండరాల్లో ఉండదు కాబట్టి, అది కండరాల్లో పనిచేయదు. అయితే అది యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది కనుక, గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీళ్ల జబ్బు) ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.