‘ఐ గాట్ రిథమ్’: బాణీ తీసేసినా మిగిలిన పాట

2023లో న్యూయార్క్ కోర్టులో ఎడ్ షీరన్ సాక్షిగా కూర్చుని గిటార్ వాయించి చూపించాడు. అతని ‘థింకింగ్ అవుట్ లౌడ్’ పాటను 1973లో మార్విన్ గే పాడిన ‘లెట్స్ గెట్ ఇట్ ఆన్’ నుంచి ఎత్తేశాడని దావా. గొడవంతా ముఖ్యంగా నాలుగు కార్డ్‌ల వరుస మీదే. కార్డ్ అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగడం. జ్యూరీ షీరన్ తప్పేమీ లేదని తేల్చింది. కార్డ్‌లకు యజమాని ఉంటాడా అన్న ఈ ప్రశ్న జాజ్ వాళ్ళకు మాత్రం చాలా పాతది. ఒకే పాట కార్డ్‌లు తీసుకుని, పైన కొత్త కొత్త బాణీలు కట్టుకుంటూ వాళ్ళు దశాబ్దాలు గడిపేశారు.

ఆ పాట ‘ఐ గాట్ రిథమ్’. 1930 అక్టోబర్ 14న న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలోని ఆల్విన్ థియేటర్‌లో ‘గర్ల్ క్రేజీ’ అనే సంగీత నాటకంలో మొదలైంది. బాణీ జార్జ్ గెర్ష్విన్‌ది, మాటలు అన్న ఐరావి. పాడింది ఎథెల్ మెర్మన్. బ్రాడ్‌వేలో ఆమెకు అదే మొదటి నాటకం. వేదిక ముందు కూర్చుని వాయించిన వాళ్ళలో తర్వాత జాజ్‌లో పెద్ద పేర్లైన బెన్నీ గుడ్‌మన్, జీన్ క్రూపా ఉన్నారు. అంటే పాట పుట్టిన రోజే జాజ్ వాళ్ళ చేతిలో పడిందన్నమాట.

బాణీ చూస్తే చాలా చిన్నది. మన స్వరాల్లో చెప్పాలంటే ప ధ స రి అని ఎక్కి, రి స ధ ప అని దిగుతుంది. ఒక్కో స్వరం ఒకటిన్నర బీట్ ఉంటుంది కాబట్టి నాలుగు బీట్ల తాళం మీద కొన్ని స్వరాలు దెబ్బ మీదా, కొన్ని దెబ్బల మధ్యా పడతాయి. పాటకున్న ఊపు అక్కడిదే.

అయితే జాజ్ వాళ్ళకు కావలసింది ఆ బాణీ కింద ఉన్నది. కార్డ్ అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగడం. పాట మొదట్లో ఆ కార్డ్‌లు స, ధ, రి, ప మీద నిలబడి, రెండేసి బీట్లకొకటి చొప్పున చకచకా మారిపోతాయి. మధ్యలో వచ్చే బ్రిడ్జ్‌లో గ, ధ, రి, ప మీద ఒక్కోటి రెండేసి బార్లు, అంటే ఎనిమిదేసి బీట్లు, ఆగుతుంది. ప్రతి కార్డూ ‘నన్ను తర్వాతి దానిలోకి దించండి’ అన్నట్టు లాగుతూ ఉంటుంది. ఆఖర్న ప నుంచి మళ్ళీ స దగ్గరికి, అంటే ఇంటికి. ముందు పరుగు, తర్వాత తీరిక, మళ్ళీ పరుగు. అప్పటికప్పుడు కల్పించి వాయించేవాడికి ఇంతకంటే ఏం కావాలి? గెర్ష్విన్ రాసినది 34 బార్లు. చివరి రెండూ అడ్డమనిపించి జాజ్ వాళ్ళు కోసేశారు. మిగిలిన 32 బార్ల కార్డ్‌ల వరుసకు ‘రిథమ్ ఛేంజెస్’ అని పేరు పడింది.

1932లోనే సిడ్నీ బెషే అసలు బాణీ జోలికి పోకుండా ఈ కార్డ్‌ల మీద ‘షాగ్’ వాయించాడు. 1939లో లెస్టర్ యంగ్ ‘లెస్టర్ లీప్స్ ఇన్’, 1940లో డ్యూక్ ఎల్లింగ్టన్ ‘కాటన్ టెయిల్’, 1954లో సానీ రోలిన్స్ ‘ఓలియో’. అన్నిటికీ పునాది ఒకటే. దీన్ని దొంగతనం అనుకోనక్కర్లేదు. వేమన పద్యం వేమనదే గానీ ఆటవెలది ఎవరిదీ కాదు కదా.

డబ్బు లెక్క కూడా ఉంది. 1909 నాటి అమెరికా చట్టం ప్రకారం ఎవరి పాటనైనా రికార్డు చేస్తే ఒక్కో కాపీకి 2 సెంట్లు కట్టాల్సి వచ్చేది. పాట మీది కాపీరైట్ హక్కు బాణీకీ మాటలకూ వర్తించేది, విడిగా కార్డ్‌ల వరుసకు కాదు. కొత్త బాణీ కడితే ఆ 2 సెంట్లు మిగిలేవి. 1945 నవంబర్‌లో సవోయ్ రికార్డుల కంపెనీకి శాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ రికార్డింగ్ చేస్తుండగా, బృందం ‘చెరోకీ’ పాట అసలు బాణీలోకి వెళ్ళేసరికి మధ్యలో ఆపేశారు. రాయల్టీ తప్పించుకోవడానికే అంటారు. ఆ కార్డ్‌ల మీదే ‘కో-కో’ తయారైంది. అదే రోజు వాయించిన ‘థ్రైవింగ్ ఆన్ ఎ రిఫ్’ రిథమ్ ఛేంజెస్ మీద కట్టినది. ఇదే తర్వాత ‘ఆంత్రపాలజీ’గా పేరు తెచ్చుకుంది.

అయితే బీబాప్, అంటే 1940లలో పార్కర్ లాంటి వాళ్ళు తెచ్చిన కొత్త జాజ్ శైలి, అంతా 2 సెంట్ల పొదుపు అంటే నేను ఒప్పుకోను. న్యూయార్క్ హార్లెమ్‌లో మింటన్స్ క్లబ్బులో రాత్రుళ్ళు వాయించిన వాళ్ళకు ఏ కంపెనీ లెక్కా లేదు. అందరికీ తెలిసిన కార్డ్‌లు ఉంటేనే ముక్కూమొహం తెలియనివాడితో కూడా వెంటనే కలిసి వాయించొచ్చు. వాటినే మెలికలు తిప్పి, రానివాణ్ణి వేదిక మీంచి దింపేయనూ వచ్చు.

పైగా మిగిలిన డబ్బు కళాకారుడికి చేరిందా అంటే అదీ అనుమానమే. 1946లో పార్కర్ ఇవే కార్డ్‌ల మీద ‘మూస్ ద మూచ్’ చేశాడు. అది అతనికి హెరాయిన్ అమ్మే మనిషి మారుపేరు. డయల్ రికార్డుల కంపెనీ నుంచి తనకు రావాల్సిన రాయల్టీలో సగం పార్కర్ ఆ మనిషికే రాసిచ్చేశాడు.

అమెరికాలో 1930 నాటి పాటల మీద 95 ఏళ్ళ కాపీరైట్ 2026 జనవరి 1తో తీరిపోయింది. ‘ఐ గాట్ రిథమ్’ బాణీ ఇప్పుడు అక్కడ ఎవరైనా వాడుకోవచ్చు. దాన్ని తప్పించుకోవడానికి 1940లలో కట్టిన బాణీలకు మాత్రం ఇంకా పదేళ్ళు, ఆ పైన, డబ్బు కట్టాల్సిందే.