ఆరు దెబ్బల నిబంధన నుంచి ఏడాదికి రెండు శిక్షణల దాకా

విశాఖపట్నంలో నీట్‌కు చదువుకుంటూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇస్తూ విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు పెట్టింది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ కనీసం ఒక కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. ప్రమాద సంకేతాలు గుర్తుపట్టడం, తనను తాను గాయపరచుకునే పిల్లలతో వ్యవహరించడం, ఎవరి దగ్గరికి పంపాలో తెలియడం అందులో ఉండాలి. బోధన సిబ్బందితో పాటు బోధనేతర సిబ్బందికి కూడా అని కోర్టు స్పష్టంగా చెప్పింది. బడుల్లో దండన, శిక్షణల పాత కథ తెలిసినవాళ్లకు ఇందులో కొత్తగా కనిపించేది ఆ మాటే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1966 నాటి విద్యా నిబంధనల్లో 122వది దండన గురించి. అబద్ధాలాడడం, బూతులు, తెగించి ఎదురుతిరగడం లాంటి వాటికే కొట్టాలి, అరచేతి మీద ఆరు దెబ్బలకు మించకూడదు, అదీ హెడ్మాస్టరు చేతనో ఆయన కళ్ల ముందో జరగాలి. ఆచరణలో బెత్తం ప్రతి క్లాసులోనూ ఉండేదన్నది వేరే సంగతి. 2002 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆ నిబంధన మార్చి దండనను నిషేధించింది. 2010 ఏప్రిల్ నుంచి అమలైన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ మానసిక వేధింపును కూడా అందులో చేర్చింది. బెత్తం పోయింది సరే, నలభై మందిలో ఒకడు కుర్చీ విసిరితే ఆ నిమిషంలో ఏం చెయ్యాలో మాత్రం ఏ ఉత్తర్వూ చెప్పలేదు. దాంతో తిట్టడం, అవతల నిలబెట్టడం, మార్కులు చదివి నలుగురిలో పరువు తీయడం ఆ ఖాళీలోకి వచ్చిపడ్డాయి.

ఆ ఖాళీకి పనికొచ్చే ఆలోచన అప్పటికే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల్లోనే భావోద్వేగాలను, ఒత్తిడిని తట్టుకోవడం లాంటి పది జీవన నైపుణ్యాల జాబితా ఇచ్చింది. అమెరికాలో 1994లో పుట్టిన కాసెల్ సంస్థ ఇదే పనిని అయిదు సామర్థ్యాల కింద సర్దింది. మన బడులకు ఈ ఆలోచన 2005లో కౌమార విద్యా కార్యక్రమం రూపంలో వచ్చింది. ఎయిడ్స్ నియంత్రణ సంస్థ భాగస్వామి కాబట్టి పాఠాల బరువు అటే మొగ్గింది. 2009లో సీబీఎస్‌ఈ నిరంతర మూల్యాంకనం తెచ్చి, పిల్లల భావోద్వేగ నైపుణ్యాలకు కూడా గ్రేడు వెయ్యమంది. మార్చి నెలాఖరులో రెండు వందల మంది ప్రోగ్రెస్ కార్డుల్లో ఆ గ్రేడుకు తగ్గ వాక్యాలు రాయాల్సిన టీచరు ఏం చేస్తుంది? పక్క కార్డులోని వాక్యాన్నే దించుతుంది. 2017లో ఆ పద్ధతే ఎత్తేశారు.

శిక్షణ నడిచిన దారిలోనూ లోపముంది. రాష్ట్ర స్థాయిలో నేర్చుకున్న రిసోర్స్ పర్సన్ జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి, అక్కణ్నుంచి బడికి చెబుతూ పోవాలి. గణితంలో కొత్త అధ్యాయాన్ని ఇలా దింపవచ్చు. ఏడుస్తున్న పిల్లాడితో మాట్లాడడం మాత్రం చేసి చూస్తేనే వస్తుంది. దిగేకొద్దీ అభ్యాసాలు రాలిపోయి స్లైడ్లు మిగులుతాయి. 2019 ఆగస్టులో మొదలైన కేంద్ర ప్రభుత్వ టీచర్ల శిక్షణ కార్యక్రమం నిష్ఠ, ప్రాథమికోన్నత స్థాయి వరకు చెప్పే 42 లక్షల మంది టీచర్లను లక్ష్యంగా పెట్టుకుంది, సురక్షితమైన బడి వాతావరణం మీద ఒక మాడ్యూల్ కూడా పెట్టింది. కరోనా వచ్చాక అది ఆన్‌లైన్‌లో దీక్షా పోర్టల్‌లోకి మారింది. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద బడికి ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా తీసుకుని 11 అంశాల్లో తర్ఫీదు ఇవ్వాలన్నారు. ఇద్దరికే ఇస్తే మిగతావాళ్లు 'అది వాళ్ల డ్యూటీ' అనుకుంటారన్నది స్టాఫ్ రూములో కూర్చున్న ఎవరికైనా తెలుసు.

హైదరాబాద్‌లో 2022 అక్టోబరులో బంజారాహిల్స్‌లోని ఒక ప్రైవేటు బడి ప్రిన్సిపాల్ కారు డ్రైవరు చిన్నపాపను వేధించిన కేసు బయటపడ్డాక చర్చ బడి భద్రత మీదికి మళ్లింది. కెమెరాలు, పోలీసు వెరిఫికేషన్ ముందుకొచ్చాయి. అవి కావలసినవే. కానీ పాప ప్రవర్తన మారిందని ముందుగా గమనించగలిగేది ఆయా, బస్సు అటెండర్, క్యాంటీన్ మనిషి. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం అనుమానం వచ్చినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పాల్సిందే, చెప్పకపోతే శిక్ష ఉంది. ఆ సంగతి ఆయాకు ఎవరు చెప్పారు?

ఆయాలు, అటెండర్ల లాంటి బోధనేతర సిబ్బందికి పెట్టే సెషన్ ముప్పావు గంటకు మించకూడదు. ఉదయం ట్రిప్పు అయ్యాక, సాయంత్రం బస్సు తియ్యకముందు పెట్టాలి. తెలుగులోనూ ఉర్దూలోనూ విడివిడిగా చెప్పాలి, ఇంగ్లిష్ స్లైడ్లు అక్కర్లేదు. మూడు విషయాలు చాలు: ఏం చూడాలి, ఎవరికి చెప్పాలి, పిల్లల్ని ఏం అడగకూడదు. చూడాల్సినవి ఇలాంటివి: అలవాటైన సీటు మార్చుకోవడం, బస్సు దిగనని మొండికెయ్యడం, ఎండాకాలంలో పొడుగు చేతుల చొక్కా, ప్రతి సోమవారం కడుపునొప్పి. ఒక్కటి కనిపిస్తే గుర్తుంచుకోవాలి, రెండు కలిస్తే ఆ రోజే కౌన్సెలర్‌కు చెప్పాలి. విచారణ తమ పని కాదని వాళ్లకు మరీ మరీ చెప్పాలి, ఎందుకంటే నలుగురు నాలుగుసార్లు అడిగితే పిల్లలు మాట మారుస్తారు, కేసు అక్కడే బలహీనపడుతుంది.

టీచర్ల సెషన్‌లో ఎక్కువ సమయం, పిల్లాడు బాధ చెప్పుకోవడానికి వచ్చిన మొదటి అయిదు నిమిషాల మాటల మీద గడపాలి. చూడడం, వినడం, సాయం చెయ్యగలవాళ్లతో జతచెయ్యడం అని మానసిక ప్రథమ చికిత్సలో మూడు మెట్లు. టీచర్లు ఇద్దరిద్దరుగా కూర్చుని అభ్యాసం చేస్తే తప్పులు వెంటనే బయటపడతాయి. "ఏం కాదులే నాన్నా, అందరికీ ఉండేదే" అన్న టీచరు దగ్గరికి ఆ పిల్లాడు మళ్లీ రాడు. "ఎవరికీ చెప్పను, ఒట్టు" అన్న టీచరు సాయంత్రానికి ఇరుక్కుంటుంది. "నీ మాట విన్నాను బిడ్డా. ఒకరికి చెప్పాలి, ఎవరికి చెబుతున్నానో ముందు నీకే చెప్తా" అనడం నేర్పాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి దాదాపు అందరూ జంకుతారు. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. అవునంటే పిల్లాణ్ని ఒంటరిగా వదలకూడదు, ఇంటికి ఒక్కణ్నే పంపకూడదు. బాధకు కారణం ఇల్లే అయితే తండ్రికి ఫోన్ చేసే ముందు కౌన్సెలర్‌తో మాట్లాడాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416, పిల్లల హెల్ప్‌లైన్ చైల్డ్‌లైన్ 1098 గోడ మీదుంటే చాలదు, ఒక్కసారైనా అందరి ముందు ఫోన్ చేసి చూపించాలి.

కోర్టు రెండుసార్లు అంది కానీ ఏ నెలల్లో అనలేదు. జూన్‌లో బడి తెరిచినప్పుడు ఒకటి సహజం. రెండోది చాలాచోట్ల దసరా ముందు మొక్కుబడిగా అయిపోతుంది, అది ఫిబ్రవరికి జరగాలి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. 2025లో తెలంగాణ పదో తరగతి ఫలితాలు ఏప్రిల్ 30న వచ్చాయి, అప్పటికే వేసవి సెలవులు. అంటే ప్రమాదం ఎక్కువున్న రోజున బడి తాళం వేసి ఉంటుంది. అందుకే ఫిబ్రవరి సెషన్ ముగిసేలోగా ఒక్కో టీచరుకు పదిమంది పేర్లు, ఇంటి నంబర్లు పంచాలి. ప్రీఫైనల్‌లో తప్పినవాళ్లు, బాగా చదివి మార్కులు తగ్గినవాళ్లు ఆ జాబితాలో ముందుండాలి. ఫలితాలు వచ్చిన గంటలోపు ఫోన్ వెళ్లాలి, మార్కులు అడగడానికి కాదు, పిల్లాడి పక్కన ఎవరున్నారో తెలుసుకోవడానికి.