మెత్తటి పొడి స్టీలు ప్లేటుని ఎలా తినేస్తుంది?

పిల్లలూ,

మీరు అడిగిన ప్రశ్న మంచిది. వేళ్ల సందుల్లోంచి జారిపోయే పొడి 10 మిల్లీమీటర్ల స్టీలు చూట్‌కి (అంటే బెల్టు మీది సరుకు కిందికి జారే దారికి) చిల్లు ఎలా పెడుతుంది?

చేతికి మెత్తగా తగిలేది కుప్ప, అందులో ఒక్కో రేణువు మెత్తన కాదు. ఖనిజాల గట్టితనం చెప్పే మోహ్స్ స్కేలులో మామూలు స్టీలు 4, 5 మధ్య ఉంటుంది, ఇసుకలోని క్వార్ట్జ్ 7. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి కిరండూల్ రైలు లైను మీద మన విశాఖ పోర్టుకి వచ్చే ఇనుప ఖనిజంలోని హెమటైట్ 6 దగ్గర, దమన్‌జోడి నుంచి వచ్చే తెల్లటి అల్యూమినాలో (అల్యూమినియం తయారుచేసే పొడి) కొరండంగా, అంటే గట్టి స్ఫటికంగా, మారిన భాగం ఏకంగా 9. బొగ్గు మెత్తనిదే, కానీ దానిలో కలిసివచ్చే ఇసుక, రాతిముక్కలు కాదు. వేల టన్నులు అలా గీసుకుంటూ పోతే ఏ ప్లేటు మిగులుతుంది చెప్పండి.

ఇది వినగానే చాలామంది "ఇంకా గట్టి ప్లేటు వేసేద్దాం" అంటారు. నేను ఒప్పుకోను. ముందు బెల్టు ఆపించి, కరెంటు తీయించి, మళ్లీ ఎవరూ కరెంటు వేయకుండా స్విచ్చికి ఎవరి తాళం వాళ్లే వేసుకుని (ఈ విషయంలో ఎంత తొందరున్నా రాజీ పడకండి, ఎవరు అరిచినా సరే) లోపల ఎక్కడ అరిగిందో చూడండి. పొడి ఏ కోణంలో తగులుతోందో ఆ మచ్చలే చెబుతాయి. వడ్రంగి ఉలిని ఏటవాలుగా పట్టుకుంటే చెక్క పెచ్చులుగా లేస్తుంది, నిటారుగా కొడితే గుంట పడుతుంది. స్టీలుదీ అదే లెక్క, 20, 30 డిగ్రీల కోణంలో తగిలే పొడే దాన్ని ఎక్కువగా కోస్తుంది. సిరామిక్ టైల్స్ అందుకు పూర్తిగా తిరగబడి ఉంటాయి, ఏటవాలు జారుడుని బాగా తట్టుకుంటాయి కానీ నేరుగా పెద్ద దెబ్బ పడితే పగులుతాయి. నేరుగా దెబ్బ పడే చోట మందమైన రబ్బరు నయం.

కోణం తర్వాత వేగం. 5 మీటర్ల ఎత్తు నుంచి పడితే, గాలి అడ్డు వదిలేస్తే, సెకనుకి సుమారు 10 మీటర్ల వేగం వస్తుంది. పడే ఎత్తుని 1.25 మీటర్లకి తగ్గిస్తే వేగం సగమవుతుంది, అరుగుదల మాత్రం సగంతో ఆగదు, నాలుగో వంతుకో ఇంకా కిందికో పడిపోతుంది. ఖరీదైన ప్లేటు కొనేముందు ఎత్తు తగ్గించే దారి వెతకమని నేను మొత్తుకునేది అందుకే.

నాకు బాగా ఇష్టమైన ఉపాయం ఇంకోటి ఉంది. పడే చోట చిన్న గట్టులా కట్టి కొంత సరుకు అక్కడే నిలిచిపోయేలా చేస్తే, ఆ తర్వాత వచ్చేది ప్లేటు మీద కాకుండా తన సరుకు మీదే పడుతుంది, అరిగేది సరుకే. దీన్ని రాక్ బాక్స్ అంటారు. అయితే తేమ పీల్చి గడ్డకట్టే ఎరువులకి, జిగురు సరుకుకి ఇది పనికిరాదు, చూట్ మూసుకుపోతుంది.

మాంగనీస్ స్టీలు అన్నింటికీ మందు అనుకోకండి. గట్టి దెబ్బలు తగిలితేనే దాని పైపొర గట్టిపడుతుంది, సన్నటి పొడి జారుతూ పోతే అంత దెబ్బ ఎక్కడిది? అక్కడ 400 బ్రినెల్ (లోహం గట్టితనానికి కొలత) ప్లేటో, చాలా గట్టిదైన క్రోమియం కార్బైడ్ పూత వేసిన ప్లేటో, టైల్సో మేలు. టైల్స్ వేస్తే అతుకులు పొడి జారే దిశలో వరసగా రానివ్వకండి, ఆ సందునే పొడి కాలువ తవ్వేస్తుంది.

మన ఊరి ఉప్పుగాలి సంగతి కూడా చెప్పాలి. పొడి తుప్పుని గీకేస్తుంది, బయటపడ్డ కొత్త లోహం మళ్లీ తుప్పు పడుతుంది, ఇలా రెండూ కలిస్తే విడివిడిగా చేసే నష్టం కంటే ఎక్కువే. వానాకాలంలో తడి పొడి అంటుకుంటే సుత్తితో బాదుతారు చూడండి, అది చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ప్లేటు సొట్టపడుతుంది, టైల్స్ ఊడిపోతాయి. బాదుడుకి బదులు వాలు పెంచాలి, లేదా వేడి సరుకు కాకపోతే లోపల నున్నటి ప్లాస్టిక్ లైనరు (అస్తరు) వేయాలి.

చూట్ బయటి వైపు గళ్లుగా గుర్తులు పెట్టి, ప్రతిసారీ అవే చోట్ల అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాలతో కొలిచే) మీటరుతో మందం కొలిచి రాసుకోండి. ప్లేటు ఎప్పుడు మార్చాలో ఆ నోటుపుస్తకం చూస్తే తెలుస్తుంది. ఈసారి షట్‌డౌన్‌లో లోపలి ఫోటోలు, పడే ఎత్తు, సరుకు పేరు రాసి నాకు పంపండి, చూసి చెప్తాను.

మీ పెదనాన్న
గాజువాక, విశాఖపట్నం